మజిలీ కూడ ప్రయాణమే

ఉర్దూలో 'మంజిల్' అన్నా, తెలుగులో 'మజిలీ' అన్నా పుట్టుక చేత మాట ఒక్కటే. అరబ్బీలో పుట్టి, పారసీకం మీదుగా నడిచి వచ్చి, మన రెండు భాషలలోనూ స్థిరపడింది. అయితే ఇక్కడికి వచ్చిన తరువాత ఆ మాట రెండు దారులు పట్టింది. ఉర్దూ కవికి మంజిల్ అంటే ఎక్కువగా చేరవలసిన గమ్యం. తెలుగు బాటసారికి మజిలీ అంటే నడుమ ఆగిన చోటు. ఒకే మాటను ఒక భాష ప్రయాణం చివర నిలిపితే, మరొక భాష ప్రయాణం మధ్యలో నిలిపింది. రెండు భాషలూ చదివే మన కళాశాల విద్యార్థులు ఈ చిన్న భేదాన్ని గూర్చి ఒక్క క్షణం ఆలోచించవలెనని నా కోరిక. నేను చెప్పదలచిన విషయమంతా ఈ భేదంలోనే ఉన్నది.

మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీ కథలను ఎరుగని తెలుగువారు ఒకప్పుడు అరుదు. మణిసిద్ధుడనే యతి కాశీకి బయలుదేరుతాడు. తోడుగా ఒక గొల్లపిల్లవాడు వస్తాడు. దారిలో చూచిన వింతలను గూర్చి అడిగినప్పుడెల్ల కథ చెప్పవలెనన్నది ఆ పిల్లవాని షరతు. ఆగిన ప్రతి చోటా ఒక కథ. ఆ గ్రంథం పేరు కాశీ కథలు కాదు, కాశీమజిలీ కథలు. కాశీ చేరడం ఒక్కనాటి పని. మజిలీలు మాత్రం సంపుటాలు నిండేటన్ని. ఉత్తరదేశానికి పోయే దక్షిణాది బాటసారి తన విరామాలను వ్యర్థం చేసుకొనలేదనడానికి ఇంతకంటె మంచి సాక్ష్యం నాకు కనిపించదు.

నేటి ప్రయాణంలో మజిలీ లేదని కొందరంటారు. అది నిజం కాదు. మజిలీ ఉన్నది, దానిని చూచే కన్ను పోయింది. నా అనుభవమే చెబుతాను; ఇందులో తప్పు నాది తప్ప మరెవరిదీ కాదు. కొన్ని సంవత్సరాల క్రితం జనవరి మాసంలో పునశ్చరణ తరగతులకు ఢిల్లీ బయలుదేరాను. పొగమంచు కారణంగా మా విమానాన్ని ఉత్తరాదిలోని ఒక చిన్న పట్టణంలో దించారు. విమానాశ్రయమని పేరేగాని అది మన బస్‌స్టాండు కంటె పెద్దది కాదు. సాయంత్రం వరకు కదలిక లేదని, కావలసినవారు బయటకు పోయి రావచ్చునని చెప్పారు. నేను కుర్చీ వదలలేదు. గడియారం చూచుకొన్నాను, సిబ్బందిని విసుక్కొన్నాను, చేతిలోని ఫోను నిండుకొనే వరకు దానిని చూస్తూ కూర్చున్నాను. మాతో దిగిన ఒక వృద్ధుడు మాత్రం మఫ్లరు చుట్టుకొని బయటకు నడిచాడు. మూడు గంటల తరువాత ఒక కాగితపు పొట్లంలో నువ్వుల గజక్ తెచ్చి అందరికీ పంచాడు. ఊరి చివర పాతకాలపు దిగుడుబావి ఉన్నదని, మెట్లు లెక్కపెడుతూ నీటి దాకా దిగి వచ్చానని చెప్పాడు. ఆ తరువాత నా వైపు తిరిగి, "ప్రొఫెసర్ సాబ్, మీరు ఇంతసేపూ ఇక్కడే కూర్చున్నారా?" అని మర్యాదగానే అడిగాడు. నా దగ్గర సమాధానం లేకపోయింది. ఆ ఏడు గంటలలో నేను సంపాదించినది ఒక తలనొప్పి. ఆయన సంపాదించినది ఒక ఊరు.

ఆ సిగ్గుతోనే నేను మజిలీ ఊళ్లను గూర్చి చదవడం మొదలుపెట్టాను. వాటిలో నన్ను మిక్కిలి ఆకర్షించినది గ్యాండర్. కెనడా దేశానికి తూర్పుకొసన, ఉత్తర అట్లాంటిక్ సముద్రంలో న్యూఫౌండ్‌లాండ్ అనే చల్లని ద్వీపం ఉన్నది. గ్యాండర్ ఆ ద్వీపం నడుమ సుమారు పదివేల జనాభా గల చిన్న పట్టణం. గ్యాండర్ అంటే ఆంగ్లంలో మగబాతు. నేను ఆ ఊరు చూడలేదు. చూడని ఊరిని గూర్చి వ్రాయడం సాహసమే. కాని ఆ ఊరి చరిత్ర మనందరికీ పాఠం కాదగినది గనుక వ్రాస్తున్నాను.

ఊరు ముందు పుట్టి తరువాత విమానాశ్రయం రావడం లోకరీతి. గ్యాండరులో విమానాశ్రయమే ముందు పుట్టింది. 1936లో అడవిని కొట్టి పని మొదలుపెట్టారు. 1938 జనవరిలో మొదటి విమానం దిగింది. అక్కడే ఎందుకన్న ప్రశ్నకు జవాబు మన భూగోళశాస్త్ర విద్యార్థులు సులభంగా కనిపెట్టగలరు. గోడమీది పటంలో న్యూయార్కు నుండి లండనుకు గీత గీస్తే సముద్రం మధ్యగా పోతుంది. అదే గ్లోబు మీద ఒక దారం బిగించి పట్టి చూడండి. అది ఉత్తరానికి వంగి, న్యూఫౌండ్‌లాండ్ దాపుగా పోతుంది. అదే దగ్గర దారి. పైగా ఉత్తర అమెరికాలో ఐరోపాకు మిక్కిలి చేరువగా ఉన్న భూభాగాలలో ఆ ద్వీపం ఒకటి. ఆనాటి విమానాలు ఒక్క పర్యాయం నింపిన ఇంధనంతో సముద్రం దాటడం కష్టం. కావున గ్యాండరులో ఆగక తప్పేది కాదు.

రెండవ ప్రపంచయుద్ధంలో వేలకొలది యుద్ధవిమానాలు ఆ నేల మీదుగానే ఐరోపాకు పోయాయి. యుద్ధానంతరం ప్రయాణికుల విమానాలు వచ్చాయి. రాజులు, మంత్రులు, నటులు, వలసపోయే పేద కుటుంబాలు అందరూ ఇంధనం నింపేంతసేపు అక్కడ కాలు మోపారు. 1959లో ఎలిజబెత్ రాణి అక్కడ కొత్త విశ్రాంతిమందిరాన్ని ప్రారంభించింది. అందులో కెన్నెత్ లాక్‌హెడ్ అనే చిత్రకారుడు వేసిన కుడ్యచిత్రం పొడవు డెబ్బది అడుగులకు పైమాటే. అయితే విధి వింతైనది. ఆ మందిరం తలుపులు తెరిచేనాటికే దూరప్రయాణపు జెట్ విమానాలు వస్తున్నాయి. గ్యాండరులో దిగవలసిన అవసరం ఏటేటా తగ్గిపోయింది. ఒకప్పుడు ప్రపంచం ఆగిన ఊరు, ప్రపంచం తలపై నుండి ఎగిరిపోయే ఊరయింది. నేటికీ పశ్చిమ అట్లాంటిక్ మీద ఎగిరే విమానాలకు దారి చెప్పే కేంద్రం అక్కడే ఉన్నది. ఆకాశంలో రోగికి ప్రాణం మీదికి వచ్చినా, యంత్రం మొరాయించినా విమానం దిగే చోట్లలో ఇప్పటికీ అది ఒకటి.

అటువంటి ఊరిలో నాలుగు గంటలు దొరికితే మీరేమి చేస్తారు? "ఏమున్నదక్కడ?" అని కుర్చీలో కూర్చోవడం సులభం. కళ్లు తెరచినవానికి మాత్రం చాలా ఉన్నది. మొదట గోడమీది గడియారం చూడవచ్చు. ప్రపంచంలోని చాలా దేశాల గడియారాలు పూర్తి గంటల తేడాతో నడుస్తాయి. మనది అరగంట లెక్క. న్యూఫౌండ్‌లాండుదీ అరగంట లెక్కే. చలికాలంలో అక్కడ మధ్యాహ్నం పన్నెండు కొట్టేసరికి మనకు రాత్రి సరిగ్గా తొమ్మిది గంటలు. భూగోళానికి ఆ వైపున ఉన్న ఒక చిన్న ఊరికీ మనకూ నిమిషాల ముల్లు ఒక్కచోటనే నిలుస్తుందన్నమాట. ఊరిలోకి పోతే వీధుల పేర్లు కనిపిస్తాయి. అట్లాంటిక్ మీద మొదట ఆగకుండా ఎగిరిన వారిలో ఒకడైన ఆల్కాక్ వంటి వైమానికుల పేర్లవి. అంటే వీధిలో నడవడమే ఒక చరిత్రపాఠం. విమానాల చరిత్ర తెలిపే ప్రదర్శనశాల ఉన్నది. నీటి ఒడ్డున చెక్కబాట ఉన్నది. ఊరికి కొంత దూరంలో, సరస్సు సమీపాన ఒక స్మారకం ఉన్నది. 1985 డిసెంబరు 12న సినాయి ప్రాంతపు శాంతిరక్షణ విధుల నుండి ఇంటికి మరలుతున్న 248 మంది అమెరికా సైనికులతోను, 8 మంది సిబ్బందితోను బయలుదేరిన విమానం అక్కడే కూలింది. ఒక్కరూ మిగలలేదు. ఇద్దరు పిల్లల చేతులు పట్టుకొని నిలిచిన సైనికుని విగ్రహం అక్కడ ఉన్నది. అందరికీ అది మజిలీయే. వారికి మాత్రం అదే చివరి మంజిల్ అయింది. ఆ చోట ఐదు నిమిషాలు నిలిచినవాడు తన విమానం రెండు గంటలు ఆలస్యమైనదని ఇక విసుక్కొనలేడు.

గ్యాండర్ పేరు ప్రపంచానికి మళ్లీ తెలిసినది 2001 సెప్టెంబరు 11న. న్యూయార్కు, వాషింగ్టన్ నగరాలపై దాడులు జరుగగానే అమెరికా తన ఆకాశాన్ని మూసివేసింది. అట్లాంటిక్ మీద ఉన్న విమానాలలో రెండువందలకు పైగా కెనడాలోని వివిధ విమానాశ్రయాలలో దిగాయి. ఒక్క గ్యాండరులోనే 38 ప్రయాణికుల విమానాలు, సుమారు 6,600 మంది మనుష్యులు దిగారు. పదివేల మంది ఉన్న ఊరికి ఒక్క పగటిలో అంత జనం! కొందరు విమానాలలోనే ఇరవై గంటలకు పైగా కూర్చోవలసివచ్చింది. దిగినవారికి పెట్టెలు ఇవ్వలేదు, చేతిసంచితోనే దిగారు.

అప్పుడా ఊరు ఏమి చేసింది? సమ్మెలో ఉన్న పాఠశాల బస్సు డ్రైవర్లు సమ్మె పక్కనపెట్టి స్టీరింగు పట్టారు. పాఠశాలలు, ప్రార్థనామందిరాలు, సంఘభవనాలు పడకగదులయ్యాయి. వండి పంపిన ఆహారం నిలవ చేయడానికి మంచు ఆటస్థలమే పెద్ద ఫ్రిజ్ అయింది. మందులు పెట్టెలలో చిక్కుకొన్న రోగుల కోసం మందుల దుకాణదారులు దేశదేశాలలోని వైద్యులకు ఫోనులు చేసి, తెలుసుకొని, మందులు ఇచ్చారు. విమానాల అడుగున సరకుతో పాటున్న జంతువులకు కూడ నీరు, మేత దొరికాయి. లూయిస్పోర్ట్, గాంబో, ఆపిల్టన్ వంటి పొరుగు పల్లెలు కూడ అతిథులను పంచుకొన్నాయి. న్యూయార్కు అగ్నిమాపకదళంలో పనిచేసే కుమారుని క్షేమవార్త కోసం ఎదురుచూస్తున్న ఒక తల్లి పక్కన ఆ ఊరి స్త్రీ ఒకరు రోజుల తరబడి తోడు కూర్చున్నారు. ఆ కుమారుడు తిరిగిరాలేదు. ఆ స్నేహం నిలిచింది.

విద్యార్థులారా! ఇక్కడ ఒక్క మాట దాచకుండా చెప్పవలసి ఉన్నది. ఆ కథను ఆధారం చేసుకొని వ్రాసిన 'కమ్ ఫ్రమ్ అవే' అనే సంగీతనాటకం 2017లో న్యూయార్కులోని బ్రాడ్‌వేకు వచ్చి మిక్కిలి ఆదరణ పొందింది. అందులో అలీ అనే ముస్లిం ప్రయాణికుడు ఒకడున్నాడు. తోటి ప్రయాణికులు అతనిని అనుమానంగా చూస్తారు. వంటలో సాయం చేస్తానని అతడు అడిగితే మొదట వద్దంటారు. అతడు పెద్ద హోటళ్లలో పేరుపొందిన వంటవాడని తెలిసిన తరువాత అతనికి వంటగది తలుపు తెరుస్తారు. బయలుదేరే ముందు మాత్రం అతనిని అవమానకరంగా సోదా చేస్తారు. ఆ నాటకకర్తలు ఈ భాగాన్ని దాచలేదు. ఆతిథ్యాన్ని పొగిడే నాటకంలోనే ఆతిథ్యానికి పట్టిన మరకను కూడ చూపారు. అందుకే నాకు ఆ నాటకంపై గౌరవం. ఒక ఊరు మంచిదంటే అక్కడ అనుమానం పుట్టదని అర్థం కాదు. అనుమానం పుట్టిన తరువాత కూడ ఎవరో ఒకరు తలుపు తెరుస్తారని అర్థం. తలుపు బయట నిలిచినవాడు కూడ అలిగి పోకుండా "నాకు వంట వచ్చును, సాయం చేస్తాను" అని అడగడంలో ఎంత ఔన్నత్యమున్నదో గమనించండి. మన పేరు చూచి ముఖం ముడుచుకొనేవారు ఎదురైనప్పుడు మన పనితనం చూపి నిలవడం మనం నేర్చుకొనవలసిన విద్య. అయితే పనితనం చూపితేనే గౌరవమిస్తామనడం కూడ న్యాయం కాదని నేను గట్టిగా నమ్ముతాను. అతడు ఏమీ రాని సామాన్యుడైనా సరే, సోదాలో అతనికి జరిగినది తప్పే.

ప్రయాణికులు ఊరకే తిని పోలేదు. లూయిస్పోర్టులో ఆశ్రయం పొందిన ఒక విమానపు ప్రయాణికులు తిరుగు ప్రయాణంలో ఆకాశంలోనే చందాలు వేసుకొని, ఆ ఊరి విద్యార్థుల కోసం ఉపకారవేతన నిధి ఏర్పరచారు. ఆ నిధి పెరిగి ఎందరో పిల్లలను చదివించింది. మజిలీని సద్వినియోగం చేసుకోవడమంటే నాలుగు ఫోటోలు తీసుకోవడం కాదు. తీసుకొన్నదానికి తగినంత ఇచ్చిపోవడం.

దీనికి ఆక్షేపణలు రావచ్చు. "మేము గల్ఫుకు పోయేవాళ్లం, అమెరికా చదువుకు పోయేవాళ్లం. మాకు దారిలో ఊళ్లు చూచే తీరిక, డబ్బు ఎక్కడివి?" అని అడగవచ్చు. ఆ మాటలో న్యాయమున్నది. విమానాశ్రయపు నేలమీద సంచి తలకింద పెట్టుకొని నిద్రపోయే కూలివానికి విహారం గూర్చి ఉపన్యసించడం నా ఉద్దేశం కాదు. అలసినవానికి నిద్రే సద్వినియోగం. అన్ని దేశాలలోనూ మన పాస్‌పోర్టుతో బయట కాలుపెట్టనివ్వరు. కెనడాలో విమానం మారడానికే భారతీయులకు సాధారణంగా ముందుగా తీసుకొన్న అనుమతి కావాలి. కనుక టిక్కెట్టు చౌక అని కొనే ముందే ఆ సంగతి విచారించుకోండి. బయటకు పోయే వీలుంటే ఒక్క చోటు మాత్రమే ఎంచుకోండి. ఐదు చోట్లకు పరుగెత్తినవాడు ఐదింటినీ పోగొట్టుకొంటాడు. విమానవేళకు మూడు గంటల ముందు మళ్లీ ద్వారం వద్ద ఉండండి. మందులు, ఒక జత బట్టలు, పత్రాలు చేతిసంచిలోనే పెట్టుకోండి. గ్యాండరులో దిగినవారు నేర్చుకొన్న మొదటి పాఠం అదే. బయటకు పోయే వీలు లేకపోతే, పక్క కుర్చీలోని మనిషిని పలకరించండి. దానికి ఏ దేశపు అనుమతీ అక్కరలేదు.

ఇక చివరి మాట విద్యార్థులతో పాటు కళాశాల కమిటీ పెద్దలకు కూడ విన్నవించుకొంటున్నాను. బాటసారిని ఆదరించడం మనకు కొత్త విద్య కాదు. జకాత్ పొందదగినవారిలో బాటసారి కూడ ఒకడని మన ధర్మం చెబుతుంది. గోదావరి లంకలలో డొక్కా సీతమ్మగారు వేళకాని వేళ వచ్చిన బాటసారికి సైతం అన్నం పెట్టి పేరుగాంచారు. హైదరాబాదు నాంపల్లి స్టేషను వద్ద నిజాము కాలంలో కట్టిన సరాయి రైలు దిగిన పరదేశి కోసం కట్టినదే. సత్రమన్నా, సరాయి అన్నా భావం ఒక్కటే. ఆ కట్టడాలు శిథిలమైతే బాగుచేయించుకోవచ్చు. ఆ భావం శిథిలమైతే బాగుచేసే మేస్త్రీ దొరకడు.

మరి మన గేటు వద్ద ఏమి జరుగుతున్నది? ప్రవేశాల రోజులలోను, పరీక్షల రోజులలోను తెల్లవారుజాము బస్సు పట్టుకొని పల్లెల నుండి తల్లిదండ్రులు వస్తారు. బిడ్డ లోపల పరీక్ష వ్రాస్తుంటే, తండ్రి రోడ్డుకు అవతల వేపచెట్టు కింద నిలబడతాడు. బురఖాలో ఉన్న తల్లి, చీరచెంగు తలమీద కప్పుకొన్న తల్లి ఒకే గోడనీడలో చతికిలబడతారు. వారికి మూడు గంటలపాటు మన కళాశాల ఒక మజిలీ. ఆ సమయంలో మన సభామందిరం తాళం వేసి ఉంటుంది. నేనూ ఇన్ని సంవత్సరాలుగా ఆ చెట్టు పక్కనుండి నడచి లోపలికి పోయినవాడినే. నిందలో నా వాటా నేను తీసుకొంటున్నాను.

సభామందిరం తలుపులు ఆ కొద్దిరోజులైనా తెరిపించవలెనని, రెండు కుండల నీళ్లు, కొన్ని చాపలు ఏర్పాటు చేయవలెనని కమిటీవారిని కోరుతున్నాను. తాళపుచెవి బాధ్యత, కుండలు నింపే బాధ్యత నేనూ, నా తరగతి విద్యార్థులూ తీసుకొంటాము. దీనికి నిధులు అక్కరలేదు. బస్సు డ్రైవర్లు తమ సమ్మెను పక్కనపెట్టినట్లు, మన అలవాటును పక్కనపెడితే చాలును. వచ్చే మార్చి పరీక్షల నాటికి ఆ వేపచెట్టు కింద ఎవరూ నిలబడి ఉండకూడదని నా ఆశ.